నీలం కింద పసుపు

కారు తాళంచెవి కోడలి చేతిలోంచి గార్డుగారి చొక్కా జేబులోకి వెళ్లిపోయిన చోట పోయినవారం ఆగాం. ఈ వారమే కథలో అడుగుపెడుతున్నవాళ్ల కోసం ఆ ఇంటి సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. రైలు గార్డుగా చేసి రిటైరైన మామగారు ఒకరు. ఉద్యోగం అయిపోయినా వీధి వీధంతా ఆయన్ని ఇప్పటికీ గార్డుగారనే పిలుస్తుంది. కరెంటాఫీసులో గుమాస్తాగా చేసే ఆయన కొడుకు ఇంకొకరు. ఎవరేమన్నా సరే అనడమే తప్ప మరో మాట ఎరగడు కాబట్టి ఆఫీసులో అతని పేరు సరేబాబు. ఆ సరేబాబు భార్య మన కోడలు. పళ్లసెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. ల్యాబు ఊరి అవతలి కొసకి మారిపోవడంతో పట్టుబట్టి కారు నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, ఇంటి ముందు ఎప్పుడో గాని కదలని నీలం కారు తీసుకుని పనికి వెళ్లడం మొదలుపెట్టింది. అంతలో ఒక సెలవురోజున గోరువెచ్చని సబ్బునీళ్లతో కారు కడుగుతుంటే ఎడమవైపు వెనక తలుపు మీద మూరెడు పొడుగు గీత బయటపడింది. తడిగుడ్డ చేత్తో పట్టుకుని ఆమె దానివైపు నోరు తెరుచుకుని చూస్తుండగానే గార్డుగారు వరండాలోకి వచ్చారు. ఇంకేముంది, కొత్త డ్రైవరు, కొత్త గీత. విచారణ అక్కర్లేకుండానే తీర్పు వచ్చేసింది.

గీసిన చెయ్యే దిద్దాలన్నారు గార్డుగారు. వర్క్‌షాపుకి పంపితే వాళ్లు తలుపంతా రంగు గన్నుతో కొట్టేస్తారనీ, కొత్త తలుపూ పాత కారూ అతుకుల బొంతలా కనిపిస్తాయనీ, ఆ గీత మేరకే ఇంట్లో కూర్చుని చేత్తో దిద్దాలనీ ఆయన పట్టు. అంతవరకూ తాళం తన జేబులోనే ఉంటుందన్నారు. నేను గియ్యలేదు మామయ్యగారూ అని కోడలు ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట ఆయన చెవి దాకా పోయి వెనక్కొచ్చేసింది. మొగుడి వైపు చూస్తే అతను గోడ మీది గడియారం వైపు చూశాడు.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది.

కోడలికి కోపం వస్తే చేతులు మరింత నెమ్మదిగా పనిచేస్తాయి. ల్యాబులో అందరికీ తెలుసు ఆ సంగతి. ఆ రోజు ఆమె చేతులు ఎంత నెమ్మదిగా కదిలాయంటే, చూసేవాళ్లకి ఏదో ధ్యానంలో ఉన్నట్టు అనిపించి ఉంటుంది. లోపల మాత్రం ఉడికిపోతోంది. వారం రోజులుగా రెండు బస్సులు మారి, నిలబడి, వేలాడి పనికి వెళ్తోంది. ల్యాబు యజమాని ఆలస్యానికి మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు. ఇంట్లో చూస్తే గార్డుగారు వచ్చినవాళ్లందరికీ ఆ తలుపు చూపించి, మా కోడలి చేతి చలవ అని చెబుతున్నారు. పాలవాడికి కూడా చెప్పారు. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, పోన్లే అమ్మా నేర్చుకునే రోజుల్లో తప్పవు అని ఓదార్చి వెళ్లింది. చెయ్యని తప్పుకి ఓదార్పు తీసుకోవడమంత ఒళ్లు మండే పని ఇంకొకటి లేదని కోడలికి అప్పుడే తెలిసింది.

కారుని మాడ్చేసే ఎండలో పెట్టకుండా ప్రహరీ గోడ నీడలోకి తోయించింది. స్టీరింగు దగ్గర గార్డుగారే కూర్చున్నారు, తోసింది సరేబాబు. డ్రైవరు తలుపు చట్రం మీద ఉన్న చిన్న రేకులో రంగు నంబరు చూసుకుని, ముందురోజే రంగుల కొట్లో చిన్న సీసాడు నీలం కలిపించుకొచ్చింది. దానితోపాటు అడుగున పూసే ప్రైమరు, పైన వేసే వార్నిషు, అంటించే కాగితం టేపు, నీళ్లలో తడిపి రుద్దే సన్నటి ఉప్పుకాగితం. కుంచె మాత్రం కొనలేదు. పింగాణీ పళ్ల మీద రంగు తేవడానికి ల్యాబులో వాడే సన్న కుంచె ఒకటి, మైనం చెక్కే చిన్న కత్తి ఒకటి తన పనిసంచీలోంచి తీసి పాత తువ్వాలు మీద వరసగా పెట్టుకుంది. రోజూ చేసే పనికీ దీనికీ పెద్ద తేడా ఏం లేదనుకుంది. అక్కడైనా ఇక్కడైనా పక్కదానితో రంగు కలవాలి, అతుకు కనపడకూడదు, తొందరపడితే చెడుతుంది.

గార్డుగారు వరండాలో పడక్కుర్చీ కారు తలుపుకి ఎదురుగా వేయించుకుని పేపరు పట్టుకుని కూర్చున్నారు. చదువుతున్నది తక్కువ, అజమాయిషీ ఎక్కువ. టేపు తిన్నగా వెయ్యమన్నారు. ముందు కడగాలి కదా అన్నారు. కడిగానంది. తుడిచావా అన్నారు. తుడిచానంది. సరేబాబు బకెట్టుతో నీళ్లు తెచ్చి పెట్టి, ఇంకా ఏమైనా కావాలా అని అడిగి, జవాబు వచ్చేలోపే లోపలికి జారుకున్నాడు. ఆ పొద్దున్నంతా అతను అంతే. పిలిస్తే వస్తాడు, నిలబడడు.

గీతకి పైనా కిందా టేపు అంటించి, ఆమె దగ్గరగా వంగి చూసింది. గీత పైకి చూడటానికి ఒకటే గాని నిజానికి రెండు. ముందు ఒక సన్నటి గాటు, దాని వెంబడే కొంచెం లోతైన గాడి. గాడి అంచున ఒకచోట ఇంకా నీలంగానే ఉంది. రంగు లేచిపోయిన చోట నీలం ఎలా మిగిలిందబ్బా అని మైనం కత్తి మొనతో అక్కడ మెల్లగా గీకింది. కారు రంగైతే పెచ్చులా ఊడాలి. ఇది ఊడలేదు. సన్నటి చుట్టలా, పెన్సిలు చెక్కితే వచ్చే పొట్టులా మెలి తిరిగి కత్తి మీదికొచ్చింది.

కోడలు దాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపింది. వేడికి మెత్తబడింది. వేలి ముద్ర పడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చిన వాసన ఆమెకి తన ఒంటి వాసనంత తెలిసిందే. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఆ వాసనలోనే బతుకుతుంది. అది పళ్ల అచ్చులు చెక్కడానికి వాడే నీలం మైనం.

ల్యాబులో పని మిగిలిపోతే ఇంటికి తెచ్చుకుంటుంది కాబట్టి గదిలో ఆమె సొరుగులో ఆ మైనం కడ్డీలు ఎప్పుడూ రెండు మూడు ఉంటాయి. ఇంట్లో ఇంకెవరికీ దానితో పని లేదు.

ఆమె లేవలేదు, ఎవరినీ పిలవలేదు. కత్తి పెట్టి గాడి పొడుగునా ఆ మైనాన్ని కొద్దికొద్దిగా తీసుకుంటూ పోయింది. కొన్నిచోట్ల అది బాగా లోపలికి కూరుకుని ఉంది. ఎవరో దాన్ని వేడిచేసి, బొటనవేలితో ఒత్తి, గుడ్డపెట్టి మెరిసేదాకా రుద్దారు. దూరం నుంచి చూస్తే గీత ఉన్నట్టే తెలియకుండా చేశారు. మొన్న తాను గోరువెచ్చని నీళ్లతో రుద్దేసరికి అది మెత్తబడి చాలావరకు ఊడిపోయింది. అంటే ఆ గీత మొన్న పుట్టింది కాదు. మొన్న బయటపడింది, అంతే. ఎప్పటిదో గీతని తన మైనంతోనే మూసి, అది తెరుచుకున్న రోజున తన నెత్తినే పెట్టారు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది ఆమెకి నిజంగానే కాళ్ల దగ్గర మొదలైంది. చేతులు మాత్రం ఇంకా నెమ్మదిగానే కదులుతున్నాయి.

మైనమంతా పోయాక గాడి అడుగున మరో రంగు కనిపించింది. అది కారు నీలం కాదు, రేకు బూడిద కాదు, తుప్పు కూడా కాదు. పసుపు. చిక్కటి, కొట్టొచ్చే పసుపు. చిన్న చిన్న పొరలుగా గాడిలో ఇరుక్కుని ఉంది. కారుని గీసిన వస్తువు తన రంగు కొంచెం అక్కడ వదిలి వెళ్లింది.

పసుపు రంగు గేట్లు ఆ వీధిలో లేవు. స్తంభాలకి రంగే లేదు. కోడలు తడి ఉప్పుకాగితం చేత్తో పట్టుకుని అలాగే గొంతుక్కూర్చుంది. నడుమెత్తున, సైకిలు వెనక కట్టిన పెట్టె ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తున ఉన్న ఆ గాడినే చూస్తోంది. వీధిలో బన్నులూ రొట్టెలూ అమ్మే రొట్టెలాయన సైకిలు మీది రేకుపెట్టె పసుపు. మూలలు సైకిలు పక్కలకి పొడుచుకొచ్చేంత పెద్దది కట్టించుకున్నాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గంట కొట్టుకుంటూ వీధిలోకి వచ్చేవాడు. వచ్చేవాడు అనే అనాలి, ఎందుకంటే ఈమధ్య రావడం లేదు. నీళ్ల ట్యాంకు మలుపు దగ్గర ఏదో బండి తగిలించి ఆగకుండా పోయిందని, భుజం ఎముక విరిగిందని, పెట్టె నుజ్జయిందని పక్కింటావిడ చెప్పింది. ఆ రోజు ఈ ఇంట్లో కూడా ఆ మాట వచ్చింది. ఎవడో గాని మనిషి జన్మ ఎత్తలేదన్నారు గార్డుగారు. అవునన్నాడు సరేబాబు.

కోడలు లేచింది. మోకాళ్లు పట్టేశాయి. ప్రైమరు వేశావా అని అడిగారు గార్డుగారు పేపరు వెనక నుంచి. ఇంకా లేదు మామయ్యగారూ, చెయ్యి కడుక్కొస్తానని చెప్పి పెరట్లోకి నడిచింది.

సరేబాబు పెరట్లో కుళాయి దగ్గర ఉన్నాడు. ఉతకాల్సిన బట్టలేమీ లేకపోయినా ఏదో ఉతుకుతున్నాడు. ఆమె అరచేతిలో మైనం ఉండ పెట్టుకుని అతని ముందు చాపింది. అతను దానివైపు చూశాడు. ఏమిటది అని అడిగి ఉంటే ఆమెకి ఇంకా ఏదో మూల అనుమానం మిగిలేది. అతను అడగలేదు.

"నాన్నగారికి చెప్పావా?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నతో అన్నిటికీ జవాబు వచ్చేసింది.

తర్వాత అతను చెప్పింది అంతా ముక్కలు ముక్కలుగా, కుళాయి నీళ్ల చప్పుడులో సగం కలిసిపోయి బయటికొచ్చింది. ఆ ప్రమాదం రోజున, ఆసుపత్రిలో ఉన్న పాత స్నేహితుణ్ణి చూడాలని గార్డుగారు పట్టుబట్టి కారు తీశారు. తిరిగొచ్చేసరికి మసక పడింది. నాన్నగారికి ఎడమపక్క చూపు సరిగా ఆనడం లేదని అతనికి చాన్నాళ్లుగా తెలుసు. అన్నం కంచంలో కూడా ఎడమవైపున్నది వదిలేస్తున్నారు. చెబితే ఒప్పుకోరు, డాక్టరు దగ్గరికి రారు. ట్యాంకు మలుపులో రొట్టెలాయన పక్కగానే వెళ్తున్నాడు. గార్డుగారు అతన్ని చూడనే లేదు. చప్పుడు విని ఏదో తగిలిందిరా అన్నారు. పక్కన కూర్చున్న సరేబాబు అద్దంలో చూశాడు. సైకిలు పడి ఉంది, మనిషి పడి ఉన్నాడు, బన్నులు రోడ్డు మీద దొర్లుతున్నాయి.

"రాయి నాన్నా, పోనివ్వండి అన్నాను," అన్నాడు. "నోట్లోంచి వచ్చేసింది. ఒకసారి వచ్చాక మళ్లీ వెనక్కి తిప్పమని ఎలా చెప్పను?"

"నోరు పెట్టి చెప్పాలి," అంది కోడలు. "పడిపోయిన మనిషిని రోడ్డు మీద వదిలేసి వచ్చారు మీరు."

ఆయన ప్రాణానికేం కాలేదనీ, భుజం కూడా అతుక్కుంటోందనీ సరేబాబు నీళ్లు నమిలాడు. ఇవన్నీ మీకెలా తెలుసంటే విన్నానన్నాడు. నాన్నగారు ఈ సంగతి తెలిస్తే తట్టుకోలేరన్నాడు. సర్వీసంతా మచ్చలేకుండా చేసిన మనిషి, కుప్పకూలిపోతాడన్నాడు. అందుకే నీ సొరుగులోంచి మైనం తీసుకున్నాను, నిన్ను ఇరికించాలని కాదు, చేతికి అందింది అదే అన్నాడు. నువ్వు కడిగిన రోజున బయటపడుతుందని నేననుకోలేదన్నాడు.

"బయటపడింది కదా. ఆ వారమంతా ఏం చేశారు?"

అతను కుళాయి కట్టేశాడు.

"మీ నాన్న పాలవాడికి కూడా చెప్పారు, కోడలు గీసిందని. మీరు గుమ్మంలో నిలబడి విన్నారు. రెండు బస్సులు మారి నేను పనికిపోతుంటే గొడుగు తీసుకెళ్లమని జాగ్రత్త చెప్పారు. ఆయన పరువు నలగకూడదు, సరే. నాది నలిగితే ఫరవాలేదని మీకెవరు చెప్పారు?"

"నువ్వు ఓర్చుకోగలవని..." అన్నాడు సరేబాబు.

అన్నాక ఆ మాట ఎలా వినిపించిందో అతనికే తెలిసినట్టుంది, తల దించుకున్నాడు. పెళ్లయిన నాటి నుంచి అతని మెతకతనాన్ని ఆమె మంచితనం అనుకుంటూ వచ్చింది. తండ్రికి ఎదురు చెప్పకపోతే గౌరవం అనుకుంది. ఆఫీసులో పక్కవాడి పని నెత్తినేసుకుంటే జాలిగుండె అనుకుంది. ఇప్పుడు చూస్తే అతను తన బరువు దించుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ అది వేరేవాళ్ల భుజం మీదే పడింది. ఈసారి ఒకరి భుజం విరిగింది కూడా.

ఇప్పుడేం చేస్తావు అని అడిగాడు. రంగు వేసేద్దాం, నేనూ సాయం చేస్తాను, సాయంత్రానికి ఆరిపోతుంది, నాన్నగారు తాళం ఇచ్చేస్తారు, ఇక ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు అని బతిమాలాడు. ఆమె చేతులు కడుక్కుని, చీర కొంగుకి తుడుచుకుని ముందువైపుకి నడిచింది. అతను వెనకాలే వచ్చాడు, వద్దు వద్దని గొంతు తగ్గించి అంటూ.

గార్డుగారితో ఆమె ఎక్కువ మాట్లాడలేదు. గీత తనది కాదని, మైనం తనదని, ఆ మైనం పెట్టింది ఎవరో, ఎందుకో, గాడిలో ఉన్న పసుపు ఎవరి పెట్టెదో ఒక్కో మాటా విడిగా, ఆయనకి వినపడేలా చెప్పింది. ఆయన పేపరు మడిచారు. మొహం జేవురించింది. చేసింది చాలక కథలల్లుతున్నావా అన్నారు. నేను చూసుకోకుండా మనిషిని గుద్దానా, నేనా అన్నారు. జీవితమంతా రైలు చివర పెట్టెలో నిలబడి వెనక చూడటమే తన ఉద్యోగమని, వెనక ఎవరు ఎక్కారో ఎవరు దిగారో చూడకుండా ఏ రోజూ జెండా ఊపలేదని, అటువంటి మనిషిని పట్టుకుని ఇంత మాట అంటావా అని లేచి నిలబడ్డారు. చేతికర్ర కింద పడింది.

కోడలు దాన్ని తీసి ఆయన చేతికిచ్చింది.

"నన్ను నమ్మకండి మామయ్యగారూ. మీ అబ్బాయిని అడగండి."

ఆయన కొడుకు వైపు తిరిగారు. సరేబాబు గుమ్మం పక్కన, గోడకి అతుక్కుపోయినట్టు నిలబడి ఉన్నాడు. నాన్నా అన్నాడు. చూపు నేల మీదికి దించేశాడు. గార్డుగారు ఇంకో మాట కోసం ఎదురుచూశారు. ఆయన మొహంలో ఎరుపు మెల్లగా దిగిపోయి, దాని వెనకాల చాలా ముసలి మొహం ఒకటి బయటికొచ్చింది.

వరండా మెట్లు దిగి కారు దగ్గరికి వచ్చారు. వంగారు. ఎక్కడ అన్నారు. గీత ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంది. వారం రోజులుగా ఆ తలుపుని ఊరందరికీ చూపించిన మనిషి ఇప్పుడు ఎడమవైపున్న దాన్ని పట్టుకోలేక కుడివైపంతా చేత్తో తడుముతున్నారు. అంత కోపంలోనూ కోడలు ఆయన పక్కకి వచ్చి వంగింది. ఆయన వేలు పట్టుకుని గాడి మొదట్లో పెట్టింది. ఆయన ఆ వేలిని చివరిదాకా జరుపుకుంటూ పోయారు. వేలి కొనకి అంటుకున్న పసుపు పొడిని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసుకున్నారు.

"ఏదో తగిలిందని నేనన్నానురా," అన్నారు కొడుకు వైపు చూడకుండా. "ఆపమంటావా అని కూడా అడిగాను."

"మీకోసమే నాన్నా..."

"నాకోసం నువ్వు ఆపమని చెప్పాలి. పోనిమ్మని కాదు."

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి కోడలికి అందించారు. క్షమించమని అడగలేదు. అడుగుతారని ఆమె అనుకోనూ లేదు. పద అమ్మాయ్, ఆయన ఇంటికి వెళ్దాం, నేనే చెప్పాలి అన్నారంతే.

అప్పుడు సరేబాబు మారిపోయాడు. అంతవరకూ గోడకి అంటుకుపోయినవాడు ఒక్క ఉదుటున వచ్చి కారు ముందు నిలబడ్డాడు. ఈరోజు వద్దన్నాడు. రేపు తనే వెళ్లి అన్నీ మాట్లాడతానన్నాడు. మీరిద్దరూ వెళ్తే గొడవవుతుంది, అక్కడివాళ్లు మంచివాళ్లు కాదు, నాన్నగారికి ఆయాసం వస్తుంది అని ఒకదాని మీద ఒకటి కారణాలు చెప్పాడు. పెళ్లయ్యాక అతను ఒక పనికి అంత గట్టిగా అడ్డం పడటం ఆమె చూడ్డం అదే మొదటిసారి. భయంతో చేస్తున్నాడనుకుంది. పక్కకి తప్పుకోరా అన్నారు గార్డుగారు. ఈసారి సరే అనలేదు గాని తప్పుకున్నాడు.

తలుపు ఎలా ఉందో అలాగే ఉంది. పైనా కిందా కాగితం టేపు, మధ్యలో గాడి, గాడి చుట్టూ ఉప్పుకాగితం రుద్దిన తెల్లటి మచ్చ. టేపు తీసెయ్యనా అని అడిగాడు సరేబాబు చివరి ప్రయత్నంగా, రోడ్డు మీద బాగుండదని. కోడలు స్టీరింగు ముందు కూర్చుని అద్దాలు సరిచేసుకుంది. ఉండనివ్వండి, చూడాల్సినవాళ్లు చూస్తారంది.

దారిలో గార్డుగారు ఆమె పక్క సీట్లో కూర్చుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, చెప్పాల్సిన మాటలు తనలో తాను కూడబలుక్కుంటూ వచ్చారు. అయ్యా, బండి నడిపింది నేనే. చూసుకోలేదు. ఆగలేదు. ఆ మూడు మాటలూ పెదాల మీద మళ్లీ మళ్లీ ఆడుతున్నాయి. నీళ్ల ట్యాంకు మలుపు దగ్గర కోడలు బాగా నెమ్మదించింది. ఆయన ఎడమవైపుకి మెడ పూర్తిగా తిప్పి, రోడ్డు అంచుని చివరిదాకా చూశారు.

రొట్టెలాయన ఇల్లు బేకరీ వెనక సందులో ఉంది. ఇరుకు సందు. రెండు పక్కలా ఖాళీ పిండి బస్తాలు ఆరేసి ఉన్నాయి. కారుని సందు మొదట్లో ఆపి ఇద్దరూ నడిచారు. గోడకి ఆనించిన సైకిలు ముందు చక్రం ఎనిమిది అంకెలా మెలి తిరిగి ఉంది. పెట్టె లేదు. తలుపు తట్టాక రొట్టెలాయన భార్య వచ్చింది. చేతులకి మోచేతుల దాకా పిండి. మొగుడు లేవలేడు కాబట్టి బేకరీలో పిండి పిసికే పనికి ఆవిడే వెళ్తోందని చూస్తేనే తెలుస్తోంది. లోపల మంచం మీద మనిషి కదిలిన చప్పుడైంది. ఎవరే అని అడిగాడు.

కోడలు తను ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పింది. ఏ వీధో, ఏ ఇల్లో, నీలం కారు ఎవరిదో. ఆ తర్వాతి మాట గార్డుగారిది కాబట్టి ఆగింది.

రొట్టెలాయన భార్య ఆమెని పైనుంచి కింది దాకా చూసింది. ఆ చూపులో కోపం లేదు. అలిసిపోయిన మనిషి జాలి ఉంది.

"అయితే ఆ పిల్లవి నువ్వేనన్నమాట," అంది. "నువ్వు వస్తావనుకోలేదమ్మా. మీ ఆయన ఆ మర్నాడే వచ్చాడు పాపం. ఈ గడప దగ్గరే కూర్చుని ఏడ్చాడు. మా ఆవిడ కొత్తగా నేర్చుకుంటోంది, భయపడిపోయి ఆపలేదు, దాని బతుకు పాడవుతుంది, ఎవరికీ చెప్పకండి అన్నాడు. ఆడపిల్లవి కదా అని మేమూ నోరు కట్టేసుకున్నాం. లేకపోతే నీ కారు ఆ రోజే స్టేషన్లో ఉండేది."

గీత మీద మైనం పెట్టడం భయమని కోడలు ఇందాక ఎలాగో మింగింది. ఇది భయం కాదు. నడిచొచ్చి, కూర్చుని, ఏడ్చి, తన పేరు ఈ ఇంట్లో పెట్టి వెళ్లాడు. పెట్టి వెళ్లి, ఆ రాత్రి ఇంటికొచ్చి తనతో కలిసి భోజనం చేశాడు. ఏదో అనబోయింది.

లోపల్నుంచి రొట్టెలాయన గొంతు వినిపించింది. ఆ అమ్మాయి కాదే, ఆ రోజు కిటికీలో నాకు తెల్లజుట్టు కనపడిందని ఎన్నిసార్లు చెప్పాను, నువ్వు వినవు అంటున్నాడు. భార్య వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది. తర్వాత ఇటు తిరిగి, ఇంతవరకూ పట్టించుకోని గార్డుగారిని మొదటిసారి సరిగా చూసింది. ఆయన నెరిసిన తల చూసింది, చేతికర్ర చూసింది.

"మీరు చెప్పండి పెద్దాయనా," అంది. "ఆ రోజు బండి నడిపింది ఈ అమ్మాయేనా?"

దారంతా పెదాల మీద ఆడిన మూడు మాటలూ గార్డుగారికి అందడం లేదు. ఒక్క అవును చాలు, అంతా ఎప్పటిలాగే ఉండిపోతుంది. కొడుకు మాట నిలబడుతుంది. వీధిలో ఆయన ఇంకా గార్డుగారే. ఈ గుమ్మంలో ఆ అవును కోసం ఎవరో ముందే చోటు ఊడ్చి పెట్టి ఉంచారు.

కోడలు ఆయనకి సైగ చెయ్యలేదు, మాట అందించలేదు. ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది.

గార్డుగారు మెలి తిరిగిన సైకిలు చక్రం వైపు చూశారు. ఆమె వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు.